నవలాపఠనము – మిత్రగోష్ఠి
(మాదాపురమున జరిగిన వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



ఉదయమునుండి ఈ వేదికపై విద్యార్థి వసతిగృహమును గుఱించియు, వైద్యసహాయనిధిని గుఱించియు, వివాహపరిచయ వేదికను గుఱించియు పెద్దలు మాటలాడిరి. అట్టి ఘనకార్యముల నడుమ నవలలు చదువుటను గుఱించి యొకడు లేచి మాటలాడుట కొందఱికి వింతగా దోచవచ్చును. నవల యనగా మధ్యాహ్నభోజనమైన పిమ్మట నిద్రపట్టువఱకు చేత నుంచుకొను వస్తువని మనలో ననేకుల యభిప్రాయము. నా యభిప్రాయము వేఱు. పదిమంది స్నేహితులు కలిసి యొక నవలను చదివి, దానిని గుఱించి నిర్భయముగా మాటలాడుకొనుట, మన యిండ్లలో నోరు విప్పి చెప్పుకొనలేని సంగతులను చెప్పుకొనుటకు దొరకిన మంచి యుపాయమని నేను నమ్ముచున్నాను. ఆ నమ్మకమునకు గల కారణములను మనవిచేసి, తుదకు మన సంఘమువారిని ఒకటి రెండు కోరికలు కోరి విరమింతును.

మన పూర్వులు గ్రంథమును ఒంటరిగా చదివినవారు కారు. దేవాలయ మండపమునందో, రచ్చబండకడనో ఒకరు భారతము చదువుచుండ, వేఱొకరు అర్థము చెప్పుచుండ, పొద్దుపోవువఱకు జనము కూర్చుండి వినెడివారు. ధర్మరాజు జూదమాడుట తగునా, కర్ణుడు దుర్యోధనుని విడువకుండుట ధర్మమా యని ఇంటికి పోవుదారిలో వాదించుకొనెడివారు. అక్షరము రానివానికిని ఆ వాదమునందు పాలు గలదు. ఆ మండపములోనికి అందఱికిని ప్రవేశము లేదను మాటను మాత్రము మఱువరాదు. ఆ సంగతికి మరల వత్తును.

నవల వచ్చి ఈ పద్ధతిని మార్చినది. 1872లో నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారు శ్రీరంగరాజ చరిత్రమును ప్రకటించిరి. 1878లో వీరేశలింగము పంతులుగారు రాజశేఖర చరిత్రమును తమ వివేకవర్ధనీపత్రికయందు భాగములు భాగములుగా వెలువరించిరి. సంచికకొఱకు వేచియుండి తరువాయి కథను చదువుకొను సుఖము తెలుగువానికి నాడే పరిచితమైనది. కాని నవల యొంటరివానిని కోరును. దానికి రాగము లేదు, తాళము లేదు, అర్థము చెప్పు పౌరాణికుడు లేడు. దీపము దగ్గఱకు జరుపుకొని తనలో తాను చదువుకొనవలసినది. ఇందువలన మేలు కలుగకపోలేదు. పెద్దల యెదుట అడుగరాని ప్రశ్నలను చదువరి తన మనస్సునే అడిగికొన నేర్చినాడు. అయితే ఆ ప్రశ్న యక్కడనే ఆగిపోవుటయు నప్పుడే మొదలైనది.

1914వ సంవత్సరము ఏప్రిలు నెలలో బెజవాడయందు జరిగిన ప్రథమాంధ్రదేశ గ్రంథాలయ మహాసభకు అధ్యక్షులెవరో మీలో కొందఱెఱుగుదురు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు! బాల్యమునుండియు చూపు మందమై, తుదకు దానిని పూర్తిగా గోల్పోయి, ఇతరులు చదువగా విని, తాము చెప్పుచుండ నితరులు వ్రాయగా గ్రంథములు రచించిన మహనీయులు. గణపతి నవలను చదివి నవ్వనివాడు తెలుగువాడు కాడు. పుస్తకమును వినువాడును చదువరియే యనుటకు ఆయనకంటె వేఱు నిదర్శనము మన కక్కఱలేదు.

ఇక మన భాగ్యనగరమునకు వత్తము. ఇచ్చట తెలుగుపుస్తకమునకు చోటు చిక్కుటయే దుర్లభమైన దినములు గడచినవి. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు అందులకు పూనుకొనినవారు. ఆ నిలయమునకు తొలినెలవు దొరకినది రావిచెట్టువారి యింటియందే. ఒక వదాన్యుడు తన యింటిలోని కొంతచోటు పుస్తకములకు విడిచియిచ్చుటవలన ఒక నగరమున ఒక భాష నిలద్రొక్కుకొనినదని ఇచ్చటి దాతలు గమనింపగోరెదను. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో విజ్ఞానచంద్రికామండలి ఈ హైదరాబాదుననే పుట్టి, పిమ్మట మద్రాసునకు తరలి, నవలలకు బహుమానము లిచ్చి తెలుగున చారిత్రక నవలలను వ్రాయించినది. ఆ పిదప నిజాము రాజ్యమున సభ చేయవలెనన్న ముందుగా సర్కారువారి యనుమతి పొందవలెనని శాసించు ‘గస్తీ నిషాన్ తిర్పన్’ వచ్చిపడినది. నలుగురు కూడుటయే నేరముగా చూడబడు కాలమున, పుస్తకములను సాకుచేసికొని కూడినవారు మన పెద్దలు.

వట్టికోట ఆళ్వారుస్వామిగారి పేరు చెప్పక ఈ ఘట్టమును దాటజాలను. పిన్నవయసున నొరుల యిండ్ల వంటపని చేసికొని బ్రతికిన యాయన, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చైన పుస్తకములను తామే సంచిలో మోసికొని ఇల్లిల్లు తిరిగి అమ్మిరి. పిమ్మట ‘ప్రజలమనిషి’ యను నవల వ్రాసిరి. పుస్తకమును గడపగడపకు మోసినవాడే నవలాకారుడగుట నాకు మిక్కిలి ప్రియమైన సంగతి.

స్వాతంత్ర్యానంతరము వారపత్రికల కాలము వచ్చినది. అరువదులలోను డెబ్బదులలోను మన తల్లులు, అక్కలు ధారావాహిక నవలలకొఱకు ఎట్లు ఎదురుచూచిరో మీలో పెక్కండ్రు కన్నులార చూచినవారే. పత్రిక ఇంటికి రాగానే మొదట నెవరు చదువవలెనను తగవు. పనులు తీఱినపిమ్మట పిట్టగోడకు ఇవతలనొకరు, అవతలనొకరు నిలుచుండి కథానాయిక చేసిన పని మంచిదా చెడ్డదా యను విచారణ. కథ ముగిసినవెనుక పుటలను కత్తిరించి, వరుసగా పేర్చి, బైండు చేయించి, వీధిలోని పది యిండ్లకు ఎరువిచ్చుట. ఆ బైండుపుస్తకము తిరిగివచ్చునప్పటికి అట్టపై పసుపుచేతి గుర్తులును, పుటలలో కాఫీమరకలును ఉండెడివి. అద్దెకు నవలలిచ్చు చిన్న దుకాణములు ప్రతి పట్టణమునను ఉండెడివి. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ని, రంగనాయకమ్మగారి ‘బలిపీఠము’ను ఎందఱు కొనిరో చెప్పవచ్చునుగాని, ఎందఱు చదివిరో చెప్పుట ఎవ్వరి తరమును కాదు. ఆ పిట్టగోడలే మన మిత్రగోష్ఠులు. వానిని ఎవ్వరును సాహిత్యసంస్థలని పిలువలేదు, అంతియే.

ఇప్పుడు మాదాపురమున పిట్టగోడ లేదు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు ఇచ్చట సైబరు టవర్సును ప్రారంభించిరి. అంతకుముందు రాళ్లగుట్టలు, చెఱువులు, కొద్దిపాటి యిండ్లుగానున్న ఈ ప్రాంతము చూచుచుండగనే అద్దాలమేడల వనమైనది. శ్రీకాకుళమునుండి ఆదిలాబాదువఱకు, అనంతపురమునుండి ఖమ్మమువఱకు గల యువతీయువకులు ఇచ్చటి కార్యాలయములలో పని చేయుచున్నారు. అయ్యప్ప సొసైటీ వీధులలో హాస్టలు లేని సందు కనబడుట కష్టము. దుర్గము చెఱువుపై 2020లో తీగలవంతెన వెలసినది. 2019లో రాయదుర్గమువఱకు మెట్రోరైలు నడచినది. ఆ రైలులో నిలుచున్నవారి చేతులలో ఫోనులే గాని పుస్తకములు కానరావని పెద్దలు విసుగుకొనుట వినుచున్నాను. ఆ ఫోనులో నవల చదువుచున్నవారును, చెవిలో తంత్రి పెట్టుకొని నవల వినుచున్నవారును ఉన్నారు. తొందరపడి తీర్పు చెప్పరాదు. లోటు వేఱొకచోట నున్నది. చదివినదానిని గుఱించి మాటలాడుకొనుటకు వారికి మనుష్యులు లేరు. మఱియొకవంక, కుమారుల వెంట పల్లెలనుండి వచ్చి పదునాలుగవ యంతస్తున కాపురముండు తల్లిదండ్రులున్నారు. వారికి మాటలున్నవి, వినువారు లేరు. ఒకే యింట రెండు మౌనములు!

మూడేండ్లక్రిందట మేము కొందఱము ఇచ్చట నెలకొకమాఱు ఆదివారమునాడు ఒక స్నేహితుని యింట గూడి ఒక నవలను గుఱించి మాటలాడుకొనుట మొదలిడితిమి. పేరు పెట్టుకొనలేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. తొలినాడు ఆరుగురము, ఇప్పుడు పదునాలుగుమందిమి. అందు మువ్వురు అఱువదియేండ్లు దాటినవారు, ఎనమండ్రు కార్యాలయములలో పనిచేయు యువజనులు, మిగిలినవారు గృహిణులు. మేము కనుగొనిన మర్మ మొక్కటియే: మనమెదుటివానిని ‘నీవు తప్పుచేసితివి’ అనినచో కలహము, ‘ఆ నవలలోని ఫలానివాడు తప్పుచేసెను’ అనినచో సంభాషణము. బోనులో నిలుచుండునది కథాపాత్ర. కావున అందఱును సాక్ష్యము చెప్పుటకు వెనుదీయరు.

ఒక యుదాహరణము. డాక్టరు పి. శ్రీదేవిగారి ‘కాలాతీత వ్యక్తులు’ చదివితిమి. 1957లో తెలుగు స్వతంత్రలో ధారావాహికగా వచ్చి మఱుసటియేడు పుస్తకమైనది. ఆమె వైద్యురాలు, 1961లో, చిన్నవయసుననే పరమపదించెను. అందలి ఇందిర తన సంపాదనపై ఆధారపడిన తండ్రిని పోషించుచు, తనకు నచ్చినట్లు బ్రతుకవలెనని పట్టుబట్టు యువతి. మా గోష్ఠిలోని విశ్రాంత ప్రధానోపాధ్యాయు లొకరు, ‘ఈ పిల్లకు చదువున్నది గాని వినయము లేదు, ఇట్టి ఆడపిల్ల యే యింటికిని వెలుగు కాదు’ అని గట్టిగా సెలవిచ్చిరి. కొంతసేపటి కెవ్వరును మాటలాడలేదు. పిదప హాస్టలులో నుండి యుద్యోగము చేసికొనుచు, జీతములో సగము నెలనెల ఇంటికి పంపు ఒక బాలిక, మెల్లగా, ‘మాస్టారూ, ఇందిర జీతము ఆగిపోయిన నెల ఆ యింట్లో పొయ్యి వెలిగేదంటారా?’ అని అడిగినది. ఆయన యుత్తర మియ్యలేదు. ఆ దినమున సభ అంతటితో ముగిసినది.

తరువాతి నెలలో మేము వేఱు నవలను తీసికొనిరాగా, ఆయన చేయెత్తి, ‘ముందు నా మాట యొకటి వినుడు’ అనిరి. తమ యక్కగారు పాఠశాలలో పంతులమ్మగా నుండి, ఇరువదియేండ్లు తన జీతమంతయు ఇంట నిచ్చి, తమ్ములను చదివించి, తాను వివాహమాడకయే గతించినదని చెప్పిరి. ‘ఆమె వినయవతియే. ఆమె కేమి కావలెనో మాలో నొక్కడైనను ఆమెను అడుగలేదు’ అనిరి. ఆయన కోడలు ఆ గదిలోనే యున్నది. పండ్రెండేండ్లుగా ఆ యింట కాపురమున్న యామె ఈ సంగతిని వినుట అదియే మొదలట! ఇందిర మంచిదా చెడ్డదా యను విషయమున మాలో ఇప్పటికిని ఏకాభిప్రాయము లేదు. ఉండనక్కఱయు లేదు. 1934లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథవారి ‘వేయిపడగలు’కును, అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’కును బహుమానమును పంచియిచ్చిరి. అంతటి పండితులకే యొకటి తేలలేదు. మా పదునాలుగుమందికి తేలకపోవుట యేమి వింత!

‘బలిపీఠము’ చదివిననాడు తల్లీకూతుండ్రు ఇద్దఱు వచ్చిరి. దళితకులమున పుట్టిన భాస్కరుడును, బ్రాహ్మణకులమునకు చెందిన వితంతువు అరుణయు వివాహమాడి, ఆ పిమ్మట కులపు తలంపులు వారి కాపురములో ఎట్లు చిచ్చుపెట్టెనో చెప్పు నవల యది. తల్లి, ‘చూచితివా, కులాంతరమైనచో ఇట్లే యగును’ అనినది. కూతురు, ‘కులాంతరమగుటవలన కాదమ్మా, అరుణ కులాన్ని వదలలేకపోవడంవల్ల’ అనినది. గంటసేపు వారిద్దఱును అరుణను గుఱించియే మాటలాడిరి. అరుణను గుఱించి మాత్రమే కాదని గదిలోని వారందఱికిని తెలియును. ఎవ్వరును ఏమియు ననలేదు. ఒకరు లేచి తేనీరు తెచ్చిరి. ఈ మహామందిరమునకు కుడివైపున వివాహపరిచయ వేదిక నడచుచున్న ఈ దినమున ఈ ముచ్చటను చెప్పుట కొందఱికి రుచింపకపోవచ్చును. చెప్పకుండుట న్యాయముకాదని చెప్పితిని.

ఇక ‘మాలపల్లి’. ఈ ఉపన్యాసమునకు నేను పూనుకొనుటకు నిజమైన కారణము అదియే. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు 1921–22 ప్రాంతమున రాయవేలూరు చెఱసాలలో నుండి రచించిన నవల. మాలకులమున పుట్టిన రామదాసు భక్తుడు, వివేకి. అతని కుమారుడు సంగదాసు కూలివారి పక్షమున నిలుచును. భూస్వామియగు చౌదరయ్య చేత సంగదాసు ప్రాణము పోవును. ఆ చౌదరయ్య కొడుకు రామానాయుడే సంగదాసునకు ప్రాణమిత్రుడు. నవల వట్టి కాలక్షేపమైనచో మద్రాసు ప్రభుత్వము దీనిని ఒకమాఱు గాక రెండుమాఱులు ఏల నిషేధింపవలెను? 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మటగాని ఆ నిషేధము తొలగలేదు. తుపాకులు గల ప్రభుత్వము పుస్తకమునకు వెఱచినది! మనము దానిని నిద్రమాత్రగా వాడుకొనుచున్నాము.

మాలపల్లిని చదివిన నెలలో మా యువకు డొకడు తన కార్యాలయమునందలి స్నేహితుని వెంట తెచ్చినాడు. అతడు మన సంఘమునకు చెందినవాడు కాడు. మేమందఱము చౌదరయ్యను తిట్టితిమి, రామానాయుని మెచ్చుకొంటిమి, ‘ఆ కాలము అట్టిది, ఇప్పు డట్లు లేదు’ అని నిట్టూర్చితిమి. ఆ నూతన మిత్రుడు అంతయు విని, తుదిలో, ‘మీ మీ ఊళ్లలో ఇప్పుడు శ్మశానము ఒకటేనా, రెండా?’ అని అడిగినాడు. కోపమున అడుగలేదు, తెలిసికొనుటకే అడిగినాడు. పెద్దలలో కొందఱికి ఉత్తరము తెలియును. పిన్నలలో ననేకులు తమ కా ప్రశ్నయే యెన్నడును తోచలేదనిరి. ఇద్దఱు ఆ రాత్రి తమ యూళ్లకు ఫోనుచేసి తండ్రుల నడిగిరట. చౌదరయ్య ‘ఆ కాలపు’ వాడుగా నుండుట ఆ దినముతో మా గోష్ఠిలో ముగిసినది.

ఆ పిమ్మట కొందఱు పెద్దలు నన్ను ప్రత్యేకముగ పిలిచి, రెండు మాటలు చెప్పిరి. సంఘీయులు కూడుచోటికి ఇతరులను తెచ్చుట యేల యనునది మొదటిది. మన కులస్థులను చెడ్డవారుగా చూపు నవలలను మనమే చదువుట యేల యనునది రెండవది. వారు నాకు పూజ్యులు. మన వసతిగృహమునకు ఇటుకలు మోసినవారు. వారి మాటను గౌరవించుచునే నా మాటను ఈ నిండుసభలో విన్నవించుచున్నాను. నలుగురు ఒకే యింటివారు కూర్చుండి తమ యింటి గోడను గుఱించి మాటలాడుకొనినచో, గోడకు లోపలివైపున నున్న సున్నమునే చూతురు. అవతలివైపు ఎట్లున్నదో చెప్పవలసినవాడు అవతలివాడు. ఆనాటి మండపములోనికి కొందఱికి ప్రవేశము లేదని మొదట మనవిచేసితిని గదా! మాదాపురమున ఇరువదియవ యంతస్తున మరల నట్టి మండపమునే కట్టుకొందమా? రెండవ మాటకు నా యుత్తరము ఇంకను చిన్నది. మన పెద్దల ఘనతను చెప్పు వ్యాసములు ఈ సంచికయందే చాలినన్ని గలవు. నవలలో మనవాడు దుష్టుడుగా కనబడినచో, వ్రాసినవాడు అబద్ధమాడెనా నిజమాడెనా యని విచారించుటకు మనకంటె తగినవారెవరు? అబద్ధమైనచో నిదర్శనములతో కాదందము. నిజమైనచో, పుస్తకమును మూసినంతమాత్రమున ఆ నిజము తొలగదు.

ఇక నిర్వహణమును గుఱించి. మేము నెలకొక నవలకన్న ఎక్కువ పెట్టుకొనము. వేయిపడగలవంటి పెద్దగ్రంథమునకు మూడు నెలలు. నవలను ఎన్నుకొను హక్కు వంతులవారీగా తిరుగును. ఎన్నుకొనినవాడే మొదట పదినిమిషములు మాటలాడి, కథను తిరిగి చెప్పక, తనను కలతపెట్టిన ఘట్టము నొక్కదానిని చదివి వినిపించును. పుస్తకము పూర్తిగా చదువనివారును రావచ్చును, వచ్చి వినవచ్చును, తీర్పు మాత్రము చెప్పరాదు. తెలుగు లిపి చదువలేని పిల్లలకొఱకు ఎవ్వరో యొకరు ఒక ప్రకరణమును బిగ్గఱగా చదువుదురు. ఇందు పెద్దలకు గొప్ప పాత్ర లభించినది. మాలపల్లిలోని గుంటూరిసీమ పలుకుబడులకు నల్లగొండవారు తడబడగా గుంటూరువారు విప్పిచెప్పిరి; దాశరథి రంగాచార్యులవారి ‘చిల్లరదేవుళ్లు’ చేపట్టినపుడు పాత్రలు తారుమారై, గుంటూరువారు శిష్యులైరి. నిఘంటువు తెఱచినవాడు లేడు. నేను ముద్రణకొఱకు ఈ ఉపన్యాసమును గ్రాంథికమున వ్రాసితిని గాని, గోష్ఠిలో నెవ్వరును ఇట్లు మాటలాడరని భయపడువారికి మనవిచేయుచున్నాను.

ప్రతులను గుఱించి యొక్కమాట. పుస్తకమును పుటపుటకు ఛాయాచిత్రము తీసి ఫోనులలో పంచు నలవాటు మనవారిలో ప్రబలినది. గ్రంథకర్త మరణించిన పిమ్మట అఱువదియేండ్లవఱకు మన దేశపు చట్టము హక్కును కాపాడును. ఉన్నవవారు 1958లో గతించిరి, శ్రీదేవిగారు 1961లో. వీరి నవలలను స్వేచ్ఛగా పంచుకొనవచ్చును. రంగాచార్యులవారు 2015లో గతించినవారు. వారి పుస్తకములను కొనవలెను. నాలుగు ప్రతులు కొని పదునాలుగుమంది చేతులు మార్చుకొనుటలో దోషము లేదు. మన తల్లులు బైండుపుస్తకములతో చేసినది అదియే. కాచిగూడ, కోఠీ, ఆబిడ్సు దుకాణములకు ఇచ్చటినుండి పోవుట నేడు మెట్రోవలన సులభము. అఫ్జల్‌గంజునందలి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమున, ఒకనాటి ఆసఫియాయందు, పాతసంచికలు చూడవచ్చును.

ఈ పని మనతోనే పుట్టినది కాదు. 1727లో ఫిలడెల్ఫియా నగరమున బెంజమిను ఫ్రాంక్లిను కొందఱు స్నేహితులతో నొక గోష్ఠి నేర్పఱచి, తమ తమ పుస్తకములను ఒకచోట చేర్చుకొని, తుదకు 1731లో చందాల గ్రంథాలయమును నెలకొల్పెను. మన సైబరు టవర్సు తెఱచిన 1998లోనే అమెరికాలోని డిట్రాయిటు తెలుగువారు సాహితీసమితిని స్థాపించుకొని, ముందుగా పుస్తకము చదివివచ్చి చర్చించుకొను పద్ధతిని అలవఱచుకొనిరి. సముద్రములు దాటినవారు ఆ మాత్రము తీఱిక చేసికొనగా, మెట్రో దాటిన మనకు తీఱిక లేదనుట చెల్లదు.

నా కోరికలు రెండు. మన సంఘభవనమందలి క్రిందిగది నెలకొక ఆదివారము సాయంకాలము మూటగట్టిన కుర్చీలతో తాళమువేయబడి యుండును. దానిని గోష్ఠికి విడిచి యీయవలెను, అద్దె అడుగరాదు. సంచికలో ప్రకటన లిచ్చిన వదాన్యులలో నొక్కరు సంవత్సరమునకు పండ్రెండు నవలలకు నాలుగేసి ప్రతులు కొనియిచ్చినచో చాలును. ఒక వివాహపు పూలదండల వెలకంటె అది తక్కువ. అయితే ఆ గది తలుపుపై ‘సంఘీయులకు మాత్రమే’ యను పలక యుండరాదు. పలక తప్పదని కార్యవర్గము నిర్ణయించినచో, గది అక్కఱలేదు. మేము ఎప్పటివలె స్నేహితుని యింటనే కూడుదుము. ఈ మాటను కార్యదర్శిగారు తమ పుస్తకమున వ్రాసికొనవలెనని ప్రార్థించుచున్నాను.

వచ్చునెల రెండవ ఆదివారము సాయంకాలము అయిదుగంటలకు ఆళ్వారుస్వామిగారి ‘ప్రజలమనిషి’. ఎన్నుకొనినది ఆ హాస్టలు బాలికయే. ప్రతులు ఆఱు, ప్రవేశద్వారమువద్ద బల్లపై నున్నవి. తీసికొనువారు తమ పేరును, ఎవరి కిచ్చెదరో వారి పేరును అచ్చటి కాగితమున వ్రాసి పోవలెను.